రెండుసార్లు పడే మిషను

మా వదినకు కోపం వస్తే అరవదు. అరవడానికి ఇంట్లో నేనున్నాను. పద్దెనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన గొంతు నాది, వీధి చివరిదాకా వినిపిస్తుంది. వదిన మాత్రం పెదవి బిగించి, పట్టిన పట్టు మీద ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. ఆవిడ చేసిన వీడియో గేము అలాంటి కోపంలోంచే వచ్చింది.

వదిన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పంచింగ్ మిషను మీద పనిచేసేది. అట్ట లోపల పెట్టి కాలితో పెడలు నొక్కితే పైనున్న బ్లేడు ఒక్కసారి పడి లేవాలి. ఆ మిషను బ్లేడు అప్పుడప్పుడు ఎవరూ నొక్కకుండానే రెండోసారి కూడా పడేది. "రెండుసార్లు పడుతోంది సార్" అని సూపర్‌వైజరుకు నాలుగు మార్లు చెప్పింది. ఆయన చెవిన పెట్టలేదు. ఐదో మారు చెప్పేలోపు వదిన కుడిచేతి నాలుగు వేళ్ళూ పోయాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఫ్యాక్టరీవాళ్ళు విచారణ జరిపించి, కారణం అన్నచోట ఒకే ఒక్క మాట రాశారు: అజాగ్రత్త.

ఆ మాట చదివి వదిన ఏడవలేదు. నేను ఏడ్చాను, తిట్టాను, ఆఫీసు మెట్ల మీద నానా యాగీ చేశాను. మా అన్నయ్య నన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. "ఎందుకొచ్చిన గొడవే, ఉద్యోగమైనా ఉంచారు కదా" అన్నాడు. ఉంచారు, నిజమే. స్టోరు గదిలో ఒక కుర్చీ వేసి, వచ్చిన సరుకు రాసుకోమన్నారు.

ఆ స్టోరులో, పారేయాల్సిన సామాన్ల మధ్య, ఒక పాత కంప్యూటరు దొరికింది. కీబోర్డులోనే యంత్రమంతా ఇమిడిపోయిన రకం. తీగతో టీవీకి తగిలిస్తే చాలు. ఆట ఎక్కించాలంటే క్యాసెట్టు పెట్టి, అది కీచుమని అరుస్తుంటే నాలుగు నిమిషాలు ఓపిక పట్టాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మేనేజరును అడిగితే "తీసుకెళ్ళమ్మా, చెత్త తగ్గుతుంది" అన్నాడు.

ఇప్పటి ఆటలకు రెండు చేతులూ కావాలి, ఎక్కడ చూసినా మీటలే. ఈ కంప్యూటరుకు ఒక జాయ్‌స్టిక్కు, దాని మీద ఒక బొత్తాం, అంతే. వదిన ఎడమచేత్తో కర్ర పట్టుకుని, కుడి బొటనవేలితో బొత్తాం నొక్కి చూసింది. నొక్కగలిగింది. "ఇది నాకోసమే మిగిలిందే" అంది. పెట్టెలో ఉన్న లావుపాటి పుస్తకం ముందేసుకుని, ఆదివారం మధ్యాహ్నాలన్నీ అన్నం తినే బల్ల మీదే గడిపింది. ఒక్క చేత్తో మూడేళ్ళు టైపు చేసింది. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాము. అన్నయ్య సణిగాడు కానీ, బల్ల ఖాళీ చేయమనే ధైర్యం మాత్రం చేయలేదు.

ఆటలో ఒక అమ్మాయి ఫ్యాక్టరీలోంచి బయటపడాలి. ఈలలు ఊదుతూ సూపర్‌వైజర్లు తరుముతుంటారు. వాళ్ళ మీద అట్టల కట్టలు విసరాలి. మొదటి రోజే పదకొండు మందిని పడగొట్టాను, జన్మ ధన్యమైంది. వాళ్ళను తప్పించుకుంటూ పంచింగ్ మిషన్ల కిందనుంచి పరుగెత్తాలి. బ్లేడు పడి లేచాక దూరాలి. అయితే ప్రతి గదిలోనూ ఒక మిషను మళ్ళీ పడుతుంది. ఏదో ఎవరికీ తెలియదు, ఆడిన ప్రతిసారీ మారుతుంది. దాని కింద చిక్కితే తెర నల్లబడి, పెద్ద అక్షరాలతో "అజాగ్రత్త" అని వస్తుంది. ఆ అక్షరాలు కూడా వదిన చుక్క చుక్కగా గీసినవే.

ఆ పాత కంప్యూటర్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఏడాదికోసారి ఒక కాలేజీ హాల్లో కలిసి కొత్త ఆటలకు పోటీ పెడతారట. నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. మార్కులు వేసేది ఒక లెక్చరరు, పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. వదిన ఆట ముందు కూర్చుని మూడు నిమిషాలు హుషారుగా ఆడాడు. తర్వాత బ్లేడు రెండోసారి పడింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ పడింది. ఏడోసారికి ఆయన మర్యాద కాస్తా ఎగిరిపోయింది.

"ఇదేం అన్యాయమండీ! నేను జాగ్రత్తగానే ఉన్నాను కదా! అజాగ్రత్త అంటుందేంటి?"

వదిన మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు. పెళ్ళిఫోటోలో కూడా లేదు.

అప్పుడాయన చూపు ఆమె చేతి మీద పడింది. గొంతు మెత్తబడింది. "ఈ చేత్తో చేశారా అమ్మా? మా దగ్గర స్ఫూర్తి బహుమతి అని ఒకటుంది. అది మీకే ఇవ్వాలి" అన్నాడు. నాకు ఒళ్ళు మండి నోరు తెరవబోయాను. వదిన నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"చెయ్యి చూసి ఇస్తున్నారా, ఆట చూసి ఇస్తున్నారా?"

ఆయన చేతి మీంచి చూపు తెర మీదికి తిప్పుకున్నాడు. "ఆట బాగుందండీ, నిజంగా బాగుంది. ఆ రెండోసారి పడటం ఒక్కటీ తీసేయండి, ఐదు నిమిషాల పని. మొదటి బహుమతికి మిమ్మల్ని దాటేవాళ్ళు లేరు."

"తియ్యను."

"తియ్యకపోతే న్యాయం అనే గడిలో మార్కులు వెయ్యలేనమ్మా."

"వెయ్యకండి. ఎందుకు వెయ్యలేదో మాత్రం రాయండి. సంతకం కూడా పెట్టండి."

మొదటి బహుమతి చేతిలోంచి జారిపోతోందని నా ప్రాణం గిలగిలలాడింది. వదిన కదల్లేదు. ఆయన తల గోక్కుని రాశాడు. బొమ్మలకు తొమ్మిది, వేగానికి పది, ఆటగాడికి న్యాయం సున్నా. ఆ సున్నా పక్కనే ఇలా రాశాడు: "యంత్రం ఏ హెచ్చరికా లేకుండా రెండోసారి పడుతుంది. తప్పు ఆటగాడిది కాదు." వదిన ఆ చివరి మాటలు మూడుసార్లు చదువుకుంది. ఆటకు ఐదో స్థానం వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆ కాగితం నాక్కూడా ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది.

సోమవారం పొద్దున్నే వెళ్ళి, దాన్ని ఫ్యాక్టరీ నోటీసు బోర్డుకు నాలుగు మూలలా అంటించింది. పక్కనే విచారణ కాగితం నకలు కూడా పెట్టింది. షిఫ్టుకు వచ్చిన పంచింగ్ సెక్షను ఆడవాళ్ళంతా గుమిగూడి చదివారట. మేనేజరు వాళ్ళను తప్పించుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇదంతా?"

"నేనొక ఆట చేశానండీ. దానికి వేసిన మార్కులు."

"మీ ఆట మార్కులు మా బోర్డు మీదెందుకు?"

"మిషను మీదే కదండీ" అంది వదిన.