వోల్ఫ్స్‌బర్గ్ మట్టిలో కలాబ్రియా అంజూరం

ఈ ఏప్రిల్‌లో నేను వెళ్ళాల్సింది ఇటలీకి. జర్మనీ రెసిడెన్స్ కార్డు రెన్యువల్‌కి ఇచ్చాను. కొత్తది చేతికొచ్చేదాకా దేశం దాటడానికి వీల్లేదన్నారు. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనున్న ఎష్‌బోర్న్ ఆఫీసులో నా పక్క సీటులో పనిచేసే కార్లా ఈ సంగతి విని, "దక్షిణ ఇటలీ చూడాలంటే వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళు, మా నాన్న ఉన్నారు" అంది. ఆ తర్వాత అసలు మాట చెప్పింది. ఆయనకు ఎనభై మూడేళ్ళు. జనవరిలో గుండెకు ఆపరేషన్ అయింది. పార పట్టొద్దని డాక్టరు చెప్పినా రోజూ తోటకు పోతున్నారు.

"నా మాట వినరు. మీది వ్యవసాయం చేసే ఇల్లు కదా, తోట వదిలేయమని నువ్వైనా చెప్పు" అంది.

శనివారం ఉదయం ఏడున్నరకు ఎస్-బాన్ లోకల్ రైలెక్కి ఫ్రాంక్‌ఫర్ట్ చేరాను. ఎనిమిది దాటాక బెర్లిన్ వైపు వెళ్ళే రైలు ఉంది. వోల్ఫ్స్‌బర్గ్‌లో ఆగే బండి చూసి ఎక్కితే మధ్యలో మారే పని లేదు. టికెట్ కొన్ని వారాల ముందే తీసుకుంటే చవక. ఎదురు సీట్లో ఒక వరంగల్ అమ్మాయి కూర్చుంది, కాట్‌బస్‌లో మాస్టర్స్ చేస్తోందట. పులిహోర డబ్బా తెరిచి నా వైపు జరిపింది.

"అక్కా, వోల్ఫ్స్‌బర్గ్‌ల కార్ల ఫ్యాక్టరీ తప్ప చూడనీకి ఏమున్నది?"

"ఇటాలియన్లు ఉన్నారు."

"మంచిగున్నది. నాకైతె ఈ నెలంత వీసా ఆఫీసు అపాయింట్‌మెంట్లు, ఆ టెర్మిన్లతోనే సరిపోయింది" అని నవ్వింది.

పదకొండుకు దిగాను. స్టేషన్ బయటికి రాగానే కాలువ, దాని అవతల ఎర్ర ఇటుకల ఫ్యాక్టరీ, నాలుగు పొగగొట్టాలు. పావుగంట బస్సు ప్రయాణం తర్వాత ఊరి చివర చిన్న చిన్న తోటల వరస వచ్చింది. గేటు దగ్గర టోపీ పెట్టుకుని నిలబడ్డ పెద్దాయనే కార్లా నాన్న సాల్వతోరె.

"కార్లా పంపిందా?" అన్నారు జర్మన్‌లో. అబద్ధం చెప్పలేకపోయాను.

"సరే. ముందు పని, మాటలు తర్వాత."

తోట మధ్యలో మనిషి పొడవున మట్టి దిబ్బ ఉంది. కింద అంజూర చెట్టు పడుకుని ఉందట. ఇక్కడి చలికి అది నిలవదు. అందుకని ఏటా నవంబరులో ఒక పక్క వేళ్ళు కోసి, చెట్టును మెల్లగా గోతిలోకి వంచి, ఎండుటాకులూ చెక్కలూ పరిచి మట్టి కప్పుతారు. ఏప్రిల్ మొదట్లో లేపుతారు. ఆయన మొదటి సెలవుకు కలాబ్రియాలోని సొంతూరు వెళ్ళినప్పుడు తెచ్చి నాటిన కొమ్మ అది. ఈసారి లేపే సమయం మూడు వారాలు దాటిపోయింది. ఆయన రెండుసార్లు పార పట్టి, ఆయాసంతో వదిలేశారు.

"మీరు కూర్చుంటేనే నేను తవ్వుతాను" అన్నాను. గుంటూరు దగ్గర మిరపతోటల్లో పెరిగినదాన్ని, పార నాకు కొత్త కాదు. ఆయన నా చేతులకేసి చూసి, ఒక పెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చున్నారు.

నేను మట్టి తీస్తుంటే ఆయన కబుర్లు చెప్పారు. బూటు ఆకారంలో ఉండే ఇటలీకి కలాబ్రియా బొటనవేలు. ఏటవాలు కొండలు, ఆలివ్ చెట్లు, మిరప. భూమి కొందరిది, చాకిరీ అందరిదీ. వాళ్ళ నాన్న కౌలు రైతు, పంటలో సగం భూస్వామికే పోయేది. యుద్ధం తర్వాత ఫ్యాక్టరీలన్నీ ఉత్తరాన వెలిశాయి. దక్షిణాది కుర్రాళ్ళకు రెండే దారులు మిగిలాయి, మిలాన్ వైపో జర్మనీ వైపో. అరవైల మొదట్లో, ఇరవై ఒక్కేళ్ళ వయసులో ఆయన ఇక్కడికొచ్చారు. చెక్క ఇళ్ళలో గదికి నలుగురు. కారు తలుపులు బిగించే పని.

"రెండేళ్ళుండి పొలం కొనుక్కుని పోదామనుకున్నా."

"కొన్నారా?"

"కొన్నా. దున్నేవాళ్ళు లేరక్కడ. వాళ్ళూ ఇక్కడికే వచ్చారు."

గంటసేపు తవ్వాక చెక్కలు తేలాయి. ఇద్దరం కలిసి చెట్టును మెల్లగా పైకెత్తి ఊతకర్రకు కట్టాం. కొమ్మలు నల్లగా, తడిగా ఉన్నాయి. ఆయన అటు చూడకుండా, "గోటితో గీకు" అన్నారు. చివరి కొమ్మ గీకాను, గోధుమరంగు, ప్రాణం లేదు. రెండోదీ అంతే. ఇంకా కిందికి, మోడు దగ్గర గీకాను. బెరడు కింద పచ్చగా, తడిగా మెరిసింది.

"ఉంది" అన్నాను.

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు.

ఒంటిగంటకు తోటలోని చిన్న గదిలో స్టవ్ వెలిగించి, వెల్లుల్లి, ఎండుమిరప ఆలివ్ నూనెలో వేయించి పాస్తా కలిపారు. నోరు మండింది. హాయిగా తిన్నాను. అప్పుడడిగాను:

"వచ్చే నవంబరులో దీన్ని ఎవరు పడుకోబెడతారు?"

"నేనే."

"కార్లాకు నేర్పలేదా?"

"మట్టీ గ్రీజూ నా వంతు, దానికి చదువు. అలా అనుకునే పెంచాను."

"తను నేర్చుకోనందా?"

ఆయన గిన్నె కడగడానికి లేచారు. తోట వదిలేయమని చెప్పడానికి వచ్చిన నేను ఆ మాట ఎత్తలేదు.

సాయంత్రం నాలుగున్నర బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. ఇటలీ అంటే ఉత్తరాన సంపద, దక్షిణాన పేదరికం అని పుస్తకాల్లో చదివాను. అది నిజమే కానీ సగమే. ఆ దక్షిణం కదిలొచ్చి మిలాన్‌లోనూ ఇక్కడా కార్లు బిగించింది, ఊరికి డబ్బు పంపింది, తన తిండి తను పండించుకుంది. ఇటలీ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్ళు రోమ్‌తో పాటు వోల్ఫ్స్‌బర్గ్‌కూ ఒక రోజు కేటాయించాలని గట్టిగా చెబుతాను.

కాసెల్ దాటుతుండగా కార్లా ఫోన్ చేసింది. ఏం జరిగిందో అప్పటికే ఆమెకు తెలుసు.

"నాన్న ఇప్పుడే మాట్లాడారు. నవంబరులో వారం సెలవు పెట్టి రమ్మన్నారు. నేను తవ్వాలట, ఆయన కూర్చుని చెబుతారట" అంది. "నన్నేదైనా సాయం అడగడం ఇదే మొదటిసారి."