తోమిన చెంబు

మా ఇంట్ల బొమ్మ కోసం పెట్టిన వస్తువు ఏదీ పెట్టినకాడ ఉండదు. నేను కొత్తకోటల ఒక ప్రైవేటు బడిల డ్రాయింగ్ నేర్పుత. ఇంటికొచ్చినంక గిన్నెలు, గంపలు, ఉల్లిగడ్డలు, ఇంట్ల ఏదుంటే అది ముందట వెట్టుకొని నూనె రంగులతోని గీస్త. దీన్ని స్టిల్ లైఫ్ అంటరు, కదలకుండ ఉండే వస్తువుల బొమ్మ అని చెప్తే మా ఆయన పడిపడి నవ్విండు. నవ్వడా మరి! నూనె రంగు ఆరాలంటే రోజులకు రోజులు పడ్తది, మా ఇంట్లనేమో పొద్దున గీసిన వంకాయ మాపటికల్ల కూరైతది. ఒకపారి సీతాఫలాలు పెట్టిన. ఆ కండ్ల మీది ఆకుపచ్చ, సందుల్ల తెలుపు, నానా తిప్పలు వడి పట్టుకున్న. తెల్లారి చూస్తే పళ్లెంల తొక్కలు, గింజలు. "పండినయ్ గదనే, చెడిపోతయని తిన్న" అన్నడు మా ఆయన, మూతి తుడుసుకుంట. నాకు అసలే కోపం ముక్కు మీదుంటది. ఆ తొక్కల్నే గీసి ముందటర్రల గోడకు తగిలేసిన. చుట్టాలొచ్చినప్పుడల్లా ఇది మా ఆయన బొమ్మ అని చూపిస్త.

ఇంట్ల కదలకుండ కూసునేది ఒక్క మా అత్తమ్మనే. దర్వాజ పక్కన గోడకానుకొని, చింతపండుల గింజలు తీసుకుంటనో, బియ్యంల రాళ్లేరుకుంటనో పొద్దంత గడుపుతది. ఆ మొకం గీయాలని నాకు ఎంత ఆశనో. "జర ఇటు చూడు అత్తమ్మా" అని పెన్సిల్ తీస్తే చాలు, కొంగు మొకం మీదికి గుంజుకుంటది.

"బొట్టు లేని మొకం. దీన్ని గీసి ఎవలకు చూపిస్తవ్ పిల్లా? గా చెంబో గిన్నెనో గీసుకో పో."

మా మామ పోయినకాన్నుంచి ఆమె తీరు గంతే. అంతకు ముందట ఆయన చేనుకు పోయినా, ఊరికి పోయినా, ఇత్తడి చెంబు నిండ నీళ్లు పట్టుకొని వాకిట్ల ఎదురొచ్చేది. ఆమె ఎదురొస్తే పోయిన పని అయితదని మామకు గట్టి నమ్మకం. ఆయన పోయినంక, ఇంట్లకెళ్లి ఎవలు బయలెల్లినా వంటింట్లకు పోయి తలుపు దగ్గరికేసుకుంటది. నాకు నౌకరి దొరికిన దినం ఆమె కాళ్లు మొక్కుదామని ఇల్లంత దేవులాడిన. పెరట్ల, స్నానాల గది ఎనుక నిలవడ్డది.

"నీ మొకం చూస్తే నా నౌకరి పోతదా? పిచ్చా నీకు?" అని మొత్తుకున్న.

"నువ్వెన్నన్న చెప్పు బిడ్డా, నాకు మనసొప్పదు" అన్నది.

ఆ మాటకు నాకు ఏడ్పే వచ్చింది. బడిల పిల్లలకు ఎన్నో చెప్తగనీ, నా ఇంట్ల ఒక మనిషిని తలుపు ఎనుకకెళ్లి బయటికి తేలేకపోతున్న. ఎన్నటికన్న ఆమె నాకు ఎదురు రావాలె. ఇంకే కోరిక లేకున్నా నాకు గీ పంతం మాత్రం ఉండె.

మొన్న సీతాఫలాల కాలం దాటినంక, పాలమూరుల బొమ్మల ప్రదర్శన పెడుతున్నరని తెలిసి, ఒక బొమ్మ పంపుదామని కూసున్న. ఏం గీద్దామా అని ఇల్లంత చూస్తుంటే గూట్ల మామ చెంబు, అత్తమ్మ ఎదురు పట్టుకొచ్చే ఆ ఇత్తడి చెంబే, కనవడ్డది. ఆయన పోయినప్పుడు అండ్ల పెట్టింది అత్తమ్మ, మళ్ల ముట్టలే. నల్లగైంది, అంచుకింద ఆకుపచ్చగ చిలుము పట్టింది. దాన్ని చూస్తే మా ఇంట్ల ఏం జరిగిందో నేను చెప్పే పనే లేదనిపిచ్చింది. పాత స్టూలు మీద పెట్టి, పక్కన రెండు ఉల్లిగడ్డలు, మడిచిన తువ్వాల పెట్టిన. ఆ చిలుమును పట్టుకొనుడు మామూలు పని కాదు. పలుచగ ఒక పూత, అది ఆరినంక ఇంకో పూత. ఉల్లిగడ్డలు ముట్టుకుంటే చేతులిరగ్గొడ్త అని మా ఆయనకు ముందే చెప్పిన.

అత్తమ్మ వస్తపోత బొమ్మను చూసేది. మొకం చిన్నగ చేసుకునేది.

ఒకనాడు బడికెళ్లి వచ్చేసరికి స్టూలు మీద చెంబు ధగధగ మెరుస్తాంది. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి వెట్టి తోమి తోమి పెట్టింది.

"అత్తమ్మా! ఎవలు తోమమన్నరు దీన్ని?"

"మరి గట్ల చిలుమువట్టిన చెంబును పాలమూరు తీస్కపోతవా? నలుగురు చూసి, ఆ ఇంట్ల తోమే ఆడది సచ్చిందా అనరా? మీ మామ ఉన్నన్ని దినాలు ఒక్కనాడన్న గట్లున్నదా అది?"

"తీస్కపోయేది చెంబును కాదు, బొమ్మను!"

"బొమ్మల ఉన్నది చెంబే కదా!"

చేతికందిన కుంచె ఇసిరికొట్టి, మూతి ముడుసుకొని కూసున్న. మా ఆయన తొంగిచూసి, "పోనీ, సీతాఫలాలు దొరుకుతయేమో తేనా?" అన్నడు. నేను చూసిన చూపుకు పెరట్లకు ఉరికిండు.

కోపం దిగినంక అత్తమ్మ చేతుల దిక్కు చూసిన. చింతపండు పులుపుకు, ఇటుక పొడికి వేళ్లు ఎర్రగ ఒరుసుకపోయినయ్. మామ పోయినంక ఆ చెంబును ఆమె ముట్టుడు అదే మొదలు. అది గూడ ఆయన పరువు పోతదని. ఇగ ఆ మెరిసే చెంబునే గీద్దామని మళ్ల కుంచె పట్టిన.

పరీక్షగ చూస్తే, చెంబు కడుపుల మా అర్రంత ఉన్నది. కిటికి వంకరగ, దర్వాజ సన్నగ. ఆ దర్వాజ పక్కన చాట ఒళ్లె వెట్టుకొని, తల వంచి, బియ్యమేరుతున్న మా అత్తమ్మ. బొటనవేలంత ఉన్నది. నల్లటి చెంబుల ఇదేదీ కనవడకపోయేది. ఆమె లేవొద్దు దేవుడా అనుకుంట, సన్న కుంచెతోని కొంగు, చేతులు, వంచిన మొకం గీసిన. అయినంక దాస్తె బాగుండదని పిలిచిన.

"అత్తమ్మా, ఇటు రా. గిదెవలో చెప్పు."

ఆమె అద్దాలు సర్దుకొని దగ్గరికొచ్చి చూసింది.

"నా మొకం గీయొద్దన్న కదనే."

"నేను చెంబునే గీసిన. నువ్వు తోమినవ్, అండ్ల నువ్వు కనవడ్డవ్. నాదేం తప్పు? వద్దంటే చెప్పు, ఇప్పుడే తుడిచేస్త."

ఆమె అర్ర దిక్కు, బొమ్మ దిక్కు మార్చి మార్చి చూసింది.

"మీ మామ చెంబుల నేనున్ననా!" అన్నది మెల్లగ. తర్వాత కొంగుతోని కండ్లద్దుకొని, "ఉండనియ్ గనీ, నా ముక్కు గంత లావుంటదా?" అన్నది. ముక్కు జర సన్నం చేసిన. చేసిందాక నా పక్క నుంచి కదలలే.

పాలమూరుకు పోయే దినం మా ఆయన బస్టాండు దాక ఆటో పిలుచుకొచ్చిండు. బొమ్మ ఇంకా అక్కడక్కడ పచ్చిగనే ఉన్నది, తాకకుండ రెండు చేతులతో పట్టుకొని బయలెల్లిన. ఎప్పటిలెక్కనే అత్తమ్మ కనవడలే. వంటింటి తలుపు దిక్కు చూసిన. తెరిచే ఉన్నది. స్టూలు మీద ఉల్లిగడ్డలే ఉన్నయ్.

"ఆగు! గడప దాటకు!" అని బయట నుంచి ఇనవడ్డది.

చూస్తే అత్తమ్మ, వీధిలకెళ్లి వాకిట్లకు నడుసుకుంట వస్తాంది. రెండు చేతులల్ల మామ చెంబు, నిండ నీళ్లు. నీళ్లు తొణికి చీర తడుస్తాంది. ఎదురింటామె వాకిలి ఊడ్చుడు ఆపి నోరు తెరుసుకొని చూస్తాంది. అత్తమ్మ అటు చూడనే లేదు. నాకు కండ్లు మసకలైనయ్, రెండు చేతులల్ల బొమ్మ, తుడుసుకుందామంటే చెయ్యి లేదు.

"ఏడుస్తవేందే, కుడికాలు ముందు వెట్టు" అన్నది మా అత్తమ్మ. "బస్సు పోతది."