మూత తెరిస్తే మాయమయ్యే బ్లూటూత్

పలివెలలో ఉంటూ సత్యవాణి లెక్కలు చెప్పే పిల్లలందరూ మస్కట్‌లోనో కువైట్‌లోనో ఉంటారు. కోనసీమ నుంచి పనికి వెళ్లినవాళ్ల బిడ్డలు. ఏడో తరగతిలో వచ్చిన జ్వరం ఆమె కుడిచెవిని పూర్తిగా, ఎడమచెవిని సగం తీసుకుపోయింది. పెద్దయ్యాక బళ్లో ఉద్యోగానికి చేరితే, నలభైమంది గోలలో ఒక్కమాటా విడిగా వినపడక రెండు నెలలకే మానేసింది. ఇప్పుడు లాప్‌టాప్‌లోంచి పిల్లల గొంతు బ్లూటూత్ మీదుగా నేరుగా చెవిమిషన్‌లోకి వస్తోంది. చెవి సంగతి మాత్రం తల్లిదండ్రులెవరికీ చెప్పలేదు.

వారం రోజులుగా ఆ బ్లూటూత్ ఆమెను నిలవనివ్వడం లేదు. లాప్‌టాప్ మూత వేసి, కాసేపాగి తెరిస్తే బ్లూటూత్ గుర్తే ఉండదు. రీస్టార్ట్ చేస్తేనే వస్తుంది. అందుకే అన్నం తింటూ మధ్యలో లేచి, లాప్‌టాప్ నిద్రపోకుండా తట్టి వచ్చేది.

"ఏవిటే ఆ తిరుగుడు? ముద్ద నోట్లో పెట్టుకుని!" అత్తగారు సూర్యకాంతం కసిరింది.

"వచ్చేత్తన్నానండీ."

గురువారం నాలుగింటి క్లాసుకు మూత తెరిస్తే అదే తంతు. రీస్టార్ట్ చేసే వ్యవధి లేక స్పీకర్ మీదే మొదలుపెట్టింది. పావుగంటకు ఆ క్లాసు పాప తల్లి లక్ష్మీతులసి నుంచి మెసేజ్: "పాప నూరు అంటే మీరు మూడు అంటున్నారండీ. ఒంట్లో బాగోలేదాండీ?" సత్యవాణి తలనొప్పని చెప్పి క్లాసు ఆపేసింది.

మర్నాడు లాప్‌టాప్‌ను కొత్తపేట రిపేరు షాపుకు పట్టుకెళ్లింది.

"బ్లూటూత్ కార్డు మార్చాలండీ. నాలుగు రోజులు ఉంచేసి వెళ్లండి."

"నాలుగు రోజులా! నాకు సాయంత్రం క్లాసుందండీ," అంటూ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెనక్కి వచ్చేసింది.

ఇంటికొచ్చి, రీస్టార్ట్ చేసి, ఫోన్లో చదువుతూ ఒక్కో సెట్టింగూ వెతికింది. డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ పేరు మీద నొక్కితే, పవర్ మేనేజ్‌మెంట్ అన్నచోట ఒక టిక్కు ఉంది: కరెంటు ఆదా కోసం కంప్యూటర్ దీన్ని ఆపేయవచ్చని. నిద్రలోకి వెళ్లేటప్పుడు ఆపుతోంది, లేచాక మళ్లీ ఆన్ చేయడం లేదన్నమాట. ఆ టిక్కు తీసేసి, మూత వేసింది.

ఆ పది నిమిషాలూ కూర్చోలేకపోయింది. వీధిగుమ్మం దాకా వెళ్లింది, వచ్చింది, మూత మీద చెయ్యి వేసి మళ్లీ తీసేసింది. చివరికి తెరిచింది. బ్లూటూత్ ఉంది. చెవిమిషన్ కిర్రుమని పలికింది. నమ్మకం కలగక మరో మూడుసార్లు మూసి తెరిచింది. మూడుసార్లూ ఉంది.

నాలుగింటికి ముందే లక్ష్మీతులసికి ఫోన్ చేసింది.

"నిన్న తలనొప్పి కాదండీ. నాకు సరిగ్గా వినపడదు. చెవిమిషన్ కలవలేదు."

సత్యవాణి నిలబడే ఉంది.

"ఆయ్, అలాగాండీ," అంది లక్ష్మీతులసి నెమ్మదిగా. "మళ్లీ అలాగైతే చెప్పండి, పాప చేత పలక మీద రాయించి చూపిత్తాను. దానికి మీ దగ్గరైతేనే లెక్కలు వత్తన్నాయండీ."