క్లయింటు ఊళ్లో వాన

వాన బాబాయ్‌ని కిటికీ పక్క సీటు నుంచి లేపి లిఫ్టు పక్కన కూర్చోబెట్టిన రోజు మా ఆఫీసులో ఒక్కరూ నోరెత్తలేదు. ఆయన చేసిన నేరం ఒకటే. ఫోన్లో అవతల ఎవరున్నా సరే, పని ఎంత తొందరదైనా సరే, "మీ దగ్గర వాన పడుతోందా?" అని అడగందే ఆయన నోట్లోంచి రెండో మాట రాదు.

మాది సముద్రం అవతలి బీమా కంపెనీకి సాఫ్ట్‌వేర్ మరమ్మతులు చేసే ఆఫీసు. అక్కడ ఏదైనా ఆగిపోతే ఇక్కడ మేం పరుగెత్తాలి. ఒకసారి వాళ్ల సిస్టం మొత్తం పడుకుంది. క్లయింటు కంపెనీ పెద్దాయన లైన్లో కేకలేస్తున్నాడు. బాబాయ్ తాపీగా వాన సంగతి అడిగాడు. కేకలు ఆగిపోయాయి. ఆ పెద్దాయన, నిన్నటి నుంచి ఒకటే వాననీ, ఇల్లు కారుతోందనీ, ఇంటావిడ బకెట్లు పెడుతూ తనని తిడుతోందనీ చెప్పుకొచ్చాడు. కప్పు ఎక్కడ కారుతోందో కనిపెట్టే ఉపాయం బాబాయ్ వివరంగా చెప్పాడు. సిస్టం సంగతి ఆ తర్వాత ఇద్దరికీ గుర్తొచ్చింది.

అడిగి ఊరుకున్నా బాగుండేది. ఆ వాన ఈయన మీద కూడా పడేది. మాడు పగిలే ఎండలో గొడుగూ రెయిన్‌కోటూ వేసుకుని దిగేవాడు.

"ఎండకి రెయిన్‌కోటేంటి బాబాయ్?"

"ఎండకి కాదురా. క్లయింటు ఊళ్లో వాన."

ఒకరోజు బాబాయ్ భార్య, మా అందరికీ పిన్ని, ఆఫీసుకే ఫోన్ చేసింది. "బాబూ, మీ బాబాయ్ దండెం మీద బట్టలన్నీ తడిగానే లాగి లోపల పడేసి వచ్చారు. ఎందుకో కాస్త కనుక్కో."

కనుక్కున్నాను. "అక్కడ మబ్బు పట్టిందిరా" అన్నాడు. అదే ఆవిడకి చెప్పాను.

"కాపురం ఏ దేశంలో చెయ్యాలో పెళ్లికి ముందే చెప్పి ఉండాల్సింది" అని ఫోన్ పెట్టేసింది.

ఇంతా చేసి మమ్మల్ని మాత్రం ఎప్పుడూ అడిగేవాడు కాదు. నాకు ఒళ్లు మండి ఒకసారి నిలదీశాను. "ఊళ్లోవాళ్లందరి వానా మీకు కావాలి. పక్కసీటు వాడు ఎలా ఉన్నాడో అక్కర్లేదా?"

"నువ్వూ నేనూ ఒకే ఎండలో మాడుతున్నాం కదరా. కనపడేదాన్ని అడగడమెందుకు? కనపడనివాణ్ణి అడగాలి."

చివరికి మేనేజరుకి ఓపిక పోయింది. "బాబాయ్ గారూ, కాల్ సగం వానకే పోతోంది. ఇది ఆఫీసా, వాతావరణ కేంద్రమా?" అని కాల్స్ అన్నీ ఆయన చేతిలోంచి తీసేశాడు. అలా లిఫ్టు పక్కకి చేరాడు. అక్కడ కూడా లిఫ్టులోంచి దిగినవాడల్లా, "బయట ఎలా ఉంది?" అన్న ప్రశ్న దాటుకునే లోపలికి రావాల్సి వచ్చేది.

తర్వాత పిడుగు పడింది. మా పని మొత్తం మాకన్నా చవకగా చేసే ఇంకో దేశానికి తరలిపోతోందన్నారు. ఔట్‌సోర్సింగ్ భవిష్యత్తు మీద నేను చదవనిది లేదు. పని నీళ్లలా పల్లానికి పోతూనే ఉంటుందని ఒకడు రాశాడు. ఇకముందు యంత్రమే చేసుకుంటుంది, మనిషే అక్కర్లేదని ఇంకొకడు రాశాడు. ఇద్దరి భవిష్యత్తులోనూ నేను లేను. పైగా కొత్తవాళ్లకి పనంతా మేమే నేర్పి మరీ ఇళ్లకి పోవాలట. మా గోతిని మాచేతే తవ్వించి, పార ఎలా పట్టుకోవాలో పక్కవాడికి చూపించమన్నట్టుంది.

పళ్లు నూరుకుంటూ నేర్పాం. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. తెరమీద పేర్లే తప్ప మొహాలు లేవు. ఉన్నట్టుండి లైను పోయేది. నిన్న చెప్పింది ఇవాళ మళ్లీ మొదలు. "మొద్దులు" అన్నాడు మేనేజరు. నాకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. కానీ నేర్పడం పూర్తయ్యేదాకా ఉద్యోగం వదిలేటప్పుడు మాకు రావలసిన కాగితాలు ఇచ్చేది లేదన్నారు. ఇక గత్యంతరం లేక మేనేజరు లిఫ్టు దగ్గరికి నడిచాడు.

"బాబాయ్ గారూ, ఇవాళ కాల్‌లో మీరు కూర్చోండి."

"అడగొచ్చా?"

"అడిగి చావండి" అన్నాడు మేనేజరు.

బాబాయ్ కుర్చీ సర్దుకుని అడిగాడు. అవతల ఒక మైకు గరగరలాడింది. తర్వాత ఒక అమ్మాయి గొంతు, దగ్గుతూ, "మోకాళ్లదాకా నీళ్లండీ. ఆఫీసు వెనకే నది. కరెంటు వస్తోంది, పోతోంది. మీరు చెప్పేది సగమే వినపడుతోంది. చెప్తే మమ్మల్ని తీసేస్తారని ఊరుకున్నాం" అంది.

"వానాకాలం ఎన్నాళ్లమ్మా మీకు?"

"దగ్గర దగ్గర సగం ఏడాది."

ఇంకో గొంతు, ఆ వెనక ఇంకోటి, వాళ్ల వాళ్ల వానలు చెప్పడం మొదలుపెట్టాయి. పాఠం ఆ రోజే కాస్త ముందుకు నడిచింది.

టీ మెషిన్ దగ్గర బాబాయ్‌ని పట్టుకున్నాను. "మన కూడు లాక్కుపోయేవాళ్లకి ఈ పరామర్శలేంటి బాబాయ్?"

"మనం మాత్రం? ఈ పని ఒకప్పుడు క్లయింటు ఊళ్లోనే ఒక ముసలాయన చేసేవాడు. తన పని నాకు నేర్పించి ఆయన ఇంటికి పోయాడు. ఆయన కూడు లాక్కుంటూ ఏం మాట్లాడాలో తెలీక, మీ దగ్గర వాన పడుతోందా అన్నాను. అంతే, మనిషి కరిగిపోయాడు. కంపెనీలో ఎవరికీ చెప్పని కిటుకులన్నీ నాకు చెప్పాడు. ఇంకేం అడగాలో నాకు ఇప్పటికీ తెలీదురా."

ఆఖరి మీటింగుకి క్లయింటు పెద్దాయన వచ్చాడు. తెరమీద బాబాయ్‌ని చూడగానే ఆయన మొహం వెలిగింది. "ఏమైపోయారు? కొంతకాలంగా మా వాన గురించి అడిగే దిక్కు లేదు. ఇల్లు ఇప్పుడు కారట్లేదు."

"సంతోషమండీ. కానీ ఆ కొత్త దేశంలో కారుతోంది. సగం ఏడాది వాళ్లకి కరెంటుండదు. పిల్లలు తెలివైనవాళ్లే, నీళ్లలో నిలబడి నేర్చుకుంటున్నారు. వాళ్లనీ ఉంచండి, మావాళ్లలో సగంమందినీ ఉంచండి. మాకు వాన కరువు, వాళ్లకి ఎండ కరువు. రెండుచోట్లా ఒకేసారి కరెంటు పోదు కదా."

పెద్దాయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. వారం తిరక్కుండా అలాగే కానిమ్మని కబురొచ్చింది. నేను చదివినవాళ్లలో ఒక్కడూ ఈ ముక్క రాయలేదు.

ఉండే సగంలో నా పేరుంది. బాబాయ్ పేరు లేదు, తనే తీయించుకున్నాడు. ఉండమని మేనేజరు నిజంగానే బతిమాలాడు. "కుర్రాళ్లకి ఇళ్ల అద్దెలున్నాయి. నేను మానేస్తే మా ఇంట్లో బట్టలైనా ఆరతాయి" అన్నాడు బాబాయ్. కాల్స్ నాకు అప్పజెప్పి, కిటికీ పక్క సీట్లో నన్ను కూర్చోబెట్టి, గొడుగు చంకన పెట్టుకుని లిఫ్టు ఎక్కేశాడు.

కిటికీలోంచి చూస్తున్నాను. కింద గేటు దాటి, ఎండలో రోడ్డు పక్కన ఆగాడు. గొడుగు విప్పాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. నా బల్లమీద ఫోన్ మోగింది.

"అబ్బాయ్, మీ దగ్గర వాన పడుతోందా?"