లోజ్వరం

బెంగళూరులో నేను పనిచేసే ల్యాబ్‌లో మనిషంత ఎత్తు ఫ్రిజ్ ఒకటి ఇనప చట్రానికి వేలాడుతుంటుంది. దాని అడుగున రాగి పళ్ళెం, దానికి బిగించిన చిప్, చిప్ మీద క్యూబిట్, అంటే క్వాంటమ్ కంప్యూటర్‌లో లెక్కలు చేసే బుల్లి ముక్క. ఇంకా చల్లబడడానికి దాదాపు చోటే లేనంత చల్లగా ఉంటుంది ఆ పళ్ళెం. అయినా కదలకుండా పడి ఉండాల్సిన క్యూబిట్ అప్పుడప్పుడూ ఉలిక్కిపడి లేస్తుంది. పళ్ళెం చల్లబడినంతగా అది చల్లబడదు. ఎందుకో కనుక్కోవడమే నా ఉద్యోగం.

నిరుడు నా కడుపులో బిడ్డ పోయింది. అమ్మ లేనిదాన్ని కాబట్టి మా ఆయన నన్ను బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున, వాళ్ళమ్మ దగ్గర దింపి వెళ్ళాడు.

రోజూ థర్మామీటర్ పెట్టుకునేదాన్ని. నార్మల్. డాక్టరమ్మ కూడా అంతా నార్మల్ అంది. ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది. అత్త మాత్రం నా దవడ కింద చెయ్యి పెట్టి చూసి, "లోజ్వరం బిడ్డా ఇది. నీ పుల్లకి అందదులే" అంది.

చాలా రోజులకు నవ్వొచ్చింది. "మా క్యూబిట్‌కీ ఇదే రోగం అత్తా" అన్నాను. పళ్ళెం మీది థర్మామీటర్ పళ్ళెం సంగతే చెబుతుంది. క్యూబిట్‌తో మాట్లాడడానికి పైనుంచి దించిన వైర్ల వెంట బయటి వేడి దిగుతుంది. వైర్లు తీసేస్తే ఇక మాటే ఉండదు. అందుకని దారి పొడుగునా చిన్న బిళ్ళలు బిగిస్తాం. అవి వేడిని తాము తీసుకుని, కొంచెమే కిందికి వదులుతాయి. ఆ తీసుకున్న వేడికి అవీ వేడెక్కుతాయి.

అత్త చేపలు తోముతూ ఊ కొట్టింది. విన్నదో లేదో.

ఊరంతా పలకరించడానికి వచ్చేవాళ్ళు. మంచివాళ్ళే, కాదనను. కానీ ప్రతి మనిషీ ఒక మాట వదిలి పోయేది. "బరువులెత్తినావా?" "చిన్నదానివి, మళ్ళా పుడతార్లే." ఆ మాటలకు నిద్రలో ఉలిక్కిపడి లేచేదాన్ని. అత్త అది చూసింది. మర్నాటి నుంచి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది.

"పడుకోనుంది. ఏమన్నా ఉంటే నాతో చెప్పండి" అనేది వచ్చినవాళ్ళతో. అన్నీ తానే వినేది. నా దాకా మజ్జిగ, వాళ్ళు తెచ్చిన అరటిపళ్ళు మాత్రం వచ్చేవి. నాకు నిద్ర పట్టసాగింది. ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఒక మధ్యాహ్నం అత్త పీట మీదే గోడకు ఆనుకుని నిద్రపోయింది. నుదురు తాకి చూశాను, చల్లగానే ఉంది. దవడ కింద చెయ్యి పెట్టాను. కాలుతోంది.

ఆ ఇంటికి అది మొదటి బిడ్డ. ఆమె నానమ్మ కావాల్సిన మనిషి. ఆమెను ఎవరూ పలకరించలేదు, నేను కూడా.

వీధిలో ఎవరో ఇద్దరు మా ఇంటివైపే వస్తున్నారు. నేను ఆమెను దాటి వచ్చి మెట్టు మీద కూర్చున్నాను.

"మా అత్త పడుకోనుంది. ఏమన్నా ఉంటే నాతో చెప్పండి" అన్నాను.