ఆగండి గారు

ఆగండి గారికి ఒకటే జబ్బు: ఎవరు ఏం చేయబోయినా "ఆగండి" అనడం. ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి పెద్ద అయిన ఆ రిటైర్డ్ జడ్జి అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. కాఫీ ఇస్తే ఆగండి. లిఫ్టు తలుపు మూస్తే ఆగండి. పదవీ విరమణ సభలో తనను పొగడబోయినాయన్ని కూడా ఆగండి అన్నారనీ, పాపం ఆయన ఇప్పటికీ మైకు పట్టుకుని నిలబడే ఉన్నాడనీ చెప్పుకునేవారు.

కంటి డాక్టరమ్మకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. మూలకణాలతో చూపు నిలబెట్టే ఆమె ప్రయోగం మనుషుల మీద మొదలు కావాలంటే ఈయన ఒప్పుకోవాలి. మొదటి రోగి ఆమె సొంత అన్నయ్య. అతని చూపు రోజురోజుకూ మసకబారుతోంది.

"ఆగండి. ఆయన ఇష్టపడే చేరుతున్నారా?"

"సంతకం పెట్టాడండి. అడిగింది కూడా నేను కాదు, మా జూనియర్."

"మీ జూనియరే కదమ్మా. నేనొకసారి అడిగొస్తాను."

అడిగొచ్చి, మిగతా రోగులతో మొదలుపెట్టుకోమన్నారు. అన్నయ్యకు మాత్రం వీల్లేదన్నారు.

"కారణం చెప్పండి."

"నాకు నచ్చలేదు, అంతే."

"మా అన్నయ్యకు చూపు పోతే ఆ పాపం మీదే."

"నాదేనమ్మా," అన్నారాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. ఆ రోజు నుంచి ఆమె ఆయనకు నమస్కారం పెట్టడం మానేసింది.

ఒక సాయంత్రం అన్నయ్య గోడ తడుముకుంటూ నడవడం చూసి ఆమె కడుపు మండిపోయింది. ఆగండి గారిని నోటికొచ్చినట్టు తిట్టింది.

"ఆయన్ని అనకే. వద్దన్నది నేను," అన్నాడు అన్నయ్య.

"మరి సంతకం పెట్టావుగా?"

"తిండీ నిద్రా మానేసి చేశావు. నీ మొహం చూసి ఎలా వద్దనను? కంట్లో సూది అంటేనే నాకు చెమటలు. ఉన్న కాస్త చూపూ పోతుందేమోనని భయం. ఆయన వచ్చి, వద్దనాలని ఉందా అని అడిగాడు. ఏడ్చేశాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆయనే చెప్పనక్కర్లేదన్నాడు. మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉండాల్సినవాళ్లు, తిట్లు నాకు పడనీ, నాకు అలవాటే అన్నాడు."

ఆమెకు ఏడుపు వచ్చింది. లోకం చూపంతా బాగుచేస్తానని బయలుదేరి, ఎదురుగా ఉన్న అన్నయ్య భయాన్ని చూడలేదు. అతని చూపు ఇంకా తగ్గుతూనే ఉంది. అతను వద్దనుకున్నాక దానికి ఆమె దగ్గరా ఆయన దగ్గరా మందు లేదు.

మర్నాడు ఆసుపత్రి లిఫ్టులో ఉండగా బయట ఆయన చేతికర్ర చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వింటే తలుపు మూసే మీట నొక్కడం ఆమెకు అలవాటైపోయింది. ఈసారి తలుపుకు చెయ్యి అడ్డం పెట్టింది. వెనకున్నవాళ్లు విసుక్కున్నారు.

"ఆగండి," అంది వాళ్లతో.

ఆయన నింపాదిగా లోపలికొచ్చి, "ఆ మాట నాదమ్మా," అన్నారు.