మందు అక్కర్లేని ఎర్రచుక్కలు

పుంగనూరు బజారులో బొరుగుల అంగడి పెట్టుకున్న లక్ష్మయ్యను చాలామంది అతని పేరుతో గుర్తుపట్టరు. నీళ్ళు పోసే యశోదమ్మ మొగుడంటేనే తెలుస్తుంది. యశోదమ్మ పసిబిడ్డలకు నీళ్ళు పోస్తుంది. అది ఆమెకు కులవృత్తి కాదు, కూలిపని అంతకన్నా కాదు. అత్తగారు నేర్పిపోయిన విద్య. ఏ ఇంట్లో కాన్పు జరిగినా తెల్లారేసరికి ఆమెకు కబురొస్తుంది. వెళ్ళి, దొడ్లో పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి ఎగదోపి, రెండు కాళ్ళూ చాపి బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకుంటుంది. ఆముదం రాసి, పెసరపిండితో నలుగు పెట్టి, వేడినీళ్ళు చెంబుతో పోస్తుంటే బిడ్డ వీధంతా వినపడేలా ఏడుస్తుంది. సాంబ్రాణి పొగ పట్టి గుడ్డలో చుట్టేసరికి అదే బిడ్డ హాయిగా నిద్రపోతుంది. బాలింతలకు ఆమె అంటే భయం కూడాను. బిడ్డకు నీళ్ళు పోస్తూ పోస్తూ తల్లికి చీవాట్లు పోస్తుంది.

అలాంటి మనిషికి తొంభై ఎనిమిది ఎండాకాలంలో తన ఒంటి మీదే అనుమానం వచ్చింది.

చెంగల్రాయుడి కోడలు భారతికి తొలికాన్పు. మదనపల్లెలో చదువుకున్న పిల్ల, కళ్ళు చురుకైనవి. యశోదమ్మ జాకెట్టు చేతులు పైకి మడిచి బిడ్డ వీపు రుద్దుతుంటే, ఆమె దండచేతి మీద ఆవగింజంత ఎర్రచుక్కలు కనిపించాయి ఆ పిల్లకు. అవేమిటని అడిగింది. కుంకుమ చింది ఉంటుందనుకుని యశోదమ్మ తడివేలితో తుడిచింది. పోలేదు. ఇంకోసారి గట్టిగా రుద్దింది. చుట్టూ చర్మం కందింది గానీ చుక్క కదల్లేదు. భారతి బిడ్డను అందుకుని ఈరోజుకు చాలన్నది. మర్నాడు, నీళ్ళు మేమే పోసుకుంటామని కబురు పంపింది.

ఇంటికొచ్చి తలుపేసుకుని చూసుకుంటే కడుపు మీద ఉన్నాయి, రొమ్ము కింద ఉన్నాయి, వీపు మీద కూడా ఉన్నాయని లక్ష్మయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి చెప్పాడు. గురిగింజ ఎరుపు. నొప్పి లేదు, దురద లేదు. ఎప్పటినుంచి ఉన్నాయంటే ఏం చెబుతుంది? అద్దంలో ముఖం చూసుకోవడానికే తీరిక లేని మనిషి కడుపు మీద ఏముందో ఎప్పుడు చూసుకుంది గనక!

ఊరన్నాక తలా ఒక మాట. పక్కింటి వాళ్ళు అమ్మవారు పోసిందన్నారు. గంగమ్మ జాతరలో అంబలి పోస్తానని మొక్కుకుని మరిచిపోయారేమో గుర్తుచేసుకోమన్నారు. గుర్తుచేసుకుంటే మరిచిపోయిన మొక్కులు ఎవరికి మాత్రం దొరకవు? గుమ్మానికి వేపమండలు కట్టారు. ఇంట్లో తాలింపు మానేశారు. లక్ష్మయ్య తాలింపు లేని పప్పు నోరెత్తకుండా తిని, అంగడికి పోయి కారం బొరుగులతో కడుపు నింపుకునేవాడు. అమ్మవారైతే పొక్కులు నీరు పట్టి, మాడి, రాలిపోవాలి. ఇవి నీరు పట్టవు, మాడవు, కదలవు. వేపాకు ఎండిపోయింది, చుక్కలు అట్లాగే ఉన్నాయి.

ఇలా ఉండగా బస్టాండు గోడ మీద ఎప్పుడో రాసిన అక్షరాలు ఒకరోజు ఆమె కళ్ళబడ్డాయి. స్పర్శ లేని మచ్చ కుష్టువ్యాధి కావచ్చునట. ఆ గోడ పక్కనుంచి ఎన్ని వందలసార్లు నడిచిందో, ఎప్పుడూ చదవలేదు. ఇంటికొచ్చి గాజులకున్న పిన్నీసు తీసి ఒక చుక్క మీద గుచ్చుకుంది. చురుక్కుమంది. హమ్మయ్య అనుకుంది. కుష్టు కాదు. అయితే ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. చుక్కలోంచి రక్తం బొటబొటా కారడం మొదలైంది. ఇంత చిన్న చుక్కలో అంత రక్తం ఎక్కడిదో ఆమెకు అర్థం కాలేదు. పసుపు అద్దింది, కాఫీపొడి అద్దింది. చివరికి గుడ్డ అదిమి పట్టుకుని కూర్చుంటే ఆగింది. కుష్టు కాదు సరే, మరి రక్తంలోనే ఏదో చెడిందా? పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని తనను తానే తిట్టుకుంది. ఏ బిడ్డ ఒంటి మీద ఏ పొక్కు లేచినా చూసి పేరు చెప్పే మనిషికి తన ఒంటి సంగతి తెలియలేదు.

లక్ష్మయ్య అంగడి మూసి ఆమెను మదనపల్లె తీసుకుపోయాడు. చర్మం డాక్టరు ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. ఆయన భూతద్దం పెట్టి చూశాడు, వేలితో నొక్కాడు, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వయసు మళ్ళుతుంటే చాలామందికి వస్తాయి, అంటుకునేవి కావు, ఏమీ చెయ్యవు, మందు అక్కర్లేదు అన్నాడు.

యశోదమ్మ సూదైనా వెయ్యమంది. దేనికని నవ్వాడాయన. పథ్యం ఏమిటని లక్ష్మయ్య అడిగాడు. పథ్యమేమీ లేదు, ఏది కావాలంటే అది తినమను అన్నాడు డాక్టరు.

ఆ మాటతో లక్ష్మయ్యకు తన అన్న గుర్తొచ్చాడు. ఆ అన్నకు కడుపులో గడ్డ లేచినప్పుడు పెద్దాసుపత్రి వాళ్ళు సరిగ్గా ఇదే చెప్పారు. ఇంక మందులు వద్దు, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అన్నారు. అతను ఆ ఏడు శ్రావణమాసం చూడలేదు. సూది వెయ్యని డాక్టరు, మందు రాయని డాక్టరు, పథ్యం చెప్పని డాక్టరు అంటే మా వైపు జనానికి ఒకటే అర్థం. ఆయన చేతులెత్తేశాడని. ఆ డాక్టరు ఒక బిళ్ళ, రంగునీళ్ళ సీసా ఒకటి ఇచ్చి వంకాయ తినొద్దని చెప్పి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది.

లక్ష్మయ్య మదనపల్లె బస్టాండు దగ్గర ఆగి ద్రాక్షపండ్లు కొన్నాడు. జిలేబీ కొన్నాడు. అరటిపండు అడిగితే ఇంట్లో ఉండాది గదా అనే మనిషి, బస్సులో ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎండ తగలకుండా తువ్వాలు అడ్డం పట్టాడు. యశోదమ్మ జిలేబీ పొట్లం విప్పకుండా ఒళ్ళోనే పెట్టుకుంది. డాక్టరు మాట ఆమె సగమే నమ్మింది గానీ మొగుడి ప్రేమ చూశాక మిగతా సగం పూర్తిగా అర్థమైపోయింది. తనది మందులేని జబ్బు.

ఆ రోజునుంచి మోకాళ్ళ నొప్పులని చెప్పి ఎవరింటికీ పోలేదు. చావుకు ఆమె అంత భయపడలేదు, నిజం చెప్పాలంటే. ఆమె దిగులంతా కూతురి గురించి. కుప్పంలో ఇచ్చిన ఒక్కగానొక్క కూతురు కుసుమకు అప్పుడు ఏడోనెల. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఊళ్ళో బిడ్డలందరినీ కాళ్ళ మీద వేసుకున్న తాను, సొంత మనవడికో మనవరాలికో నీళ్ళు పొయ్యడం కోసమే ఇన్నేళ్ళూ ఈ పని చేశానని ఆమె మనసులో అనుకునేది. ఇప్పుడా బిడ్డను తాకితే ఈ చుక్కలు బిడ్డకు వస్తాయా? రావా? అంటుకోవని డాక్టరు అన్నాడు. కానీ పోయేవాళ్ళతో డాక్టర్లు నిజం చెబుతారా? నూటికి ఒకపాలు వస్తే? వట్టిమనిషి కాని పిల్లకు ఈ సంగతి చెప్పి బెదరగొట్టవద్దని మొగుడూ పెళ్ళాం ఇద్దరూ అనుకున్నారు.

కుసుమ వచ్చింది. నెలలు నిండి పుంగనూరు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. నర్సు బిడ్డను తెచ్చి చేతులు చాపమంటే యశోదమ్మ రెండడుగులు వెనక్కి వేసి మొగుణ్ణి ముందుకు తోసింది. ఇంటికి వచ్చాక బాలింత పనులన్నీ చేసింది. కారం కలిపింది, తమలపాకు చుట్టి ఇచ్చింది, గుడ్డలు ఉతికింది. బిడ్డ దగ్గరికి మాత్రం రాలేదు. నీళ్ళు పొయ్యడానికి వెనక వీధి మునెమ్మను పిలిపించింది. మునెమ్మ బిడ్డను పట్టుకునే తీరు చూడలేక వంటింట్లోకి పోయి నిలబడేది. బిడ్డ ఏడిస్తే ఆమె చేతులు కొంగును నలిపేవి. కుసుమ మంచం మీద పడుకుని ఇదంతా చూస్తూనే ఉంది.

నాలుగో రోజు కుప్పం నుంచి వియ్యపురాలు పద్మావతి వచ్చింది. నెమ్మదైన మనిషే గానీ శుభ్రం ఎక్కువ. మునెమ్మ నీళ్ళు పొయ్యడానికి బిడ్డ గుడ్డలు విప్పేసరికి, ఛాతీ మీదా వీపు మీదా ఎర్రగా దద్దులు లేచి ఉన్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మునెమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. పద్మావతి ముఖం మాడింది. ఈ ఇంట్లో నీళ్ళు పడలేదో గాలి పడలేదో, రేపు బస్సుకే తల్లినీ బిడ్డనూ కుప్పం తీసుకుపోతానన్నది.

అప్పుడు కుసుమ నోరు తెరిచింది. “తీసకపో అత్తా. ఈడ మాయమ్మకు ఆడబిడ్డ పుట్టింది సరిపోలేదు. పుట్టినకాణ్ణించీ ఎత్తుకోనేలేదు.”

యశోదమ్మ అదిరిపడింది. కూతురు అలా అనుకుంటోందన్న ఊహే ఆమెకు రాలేదు. ఏం చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక జాకెట్టు చెయ్యి పైకి మడిచి చూపించింది. అమ్మవారు, పిన్నీసు, మదనపల్లె, జిలేబీ అన్నీ కలగాపులగంగా చెప్పేసింది.

పద్మావతి గడప దగ్గరికి జరిగింది. అయితే బిడ్డకు వచ్చింది ఇదేనన్న మాట, అన్నది.

“నేను బిడ్డను తాకనేలేదు వదినా,” అంది యశోదమ్మ. ఆ మాట అంటుంటేనే ఆమెకు ఏడుపొచ్చింది. ఎత్తుకోకపోవడమే ఇప్పుడు తన వైపు సాక్ష్యం అయింది. కళ్ళు తుడుచుకుని దూరం నుంచే బిడ్డను చూసింది. ఎర్రటి దద్దు, నడిమధ్య నూగుగింజంత తెల్లటి మొన. ఎన్ని ఇళ్ళలో చూసిందో లెక్కే లేదు. “ఇవి పుట్టిన బిడ్డలకు లేసేటివే. ఈడ మాని ఆడ లేస్తాయి, రెండు మూడు దినాల్లో పోతాయి. ఏమీ లేదు. మందు గూడా అక్కర్లేదు.”

“నీకు గెట్టిగా తెలుసునా?” అంది కుసుమ.

“తెలీకేం. ఎంతమందిని సూడలేదు?”

“మదనపల్లె డాక్టరు గూడా శానామందిని సూసుంటాడు గదమ్మా.”

యశోదమ్మ లక్ష్మయ్య వైపు చూసింది. బిడ్డ మీదవి ఏమీ కావని తనకు తెలుసు. తన మీదవి ఏమీ కావని డాక్టరుకు తెలుసు. మరి తన మాట నిజమైతే ఆయన మాట ఎందుకు అబద్ధం కావాలి? అలాగని ఆయన మాట నిజమనుకుంటే వెంటనే బావగారి గడ్డ గుర్తొచ్చేది. అటూ తేలలేదు, ఇటూ తేలలేదు.

“ఏమీ లేదంటాండావు గదా,” అంది కుసుమ. “అయితే ఎత్తుకో.”

పద్మావతి వద్దని అనబోయి, కోడలి ముఖం చూసి ఆగిపోయింది. యశోదమ్మ పీట లాక్కుని కూర్చుని కాళ్ళు చాపింది. మునెమ్మ బిడ్డను తెచ్చి ఆ కాళ్ళ మీద పెట్టింది. ఊరి బిడ్డలందరికీ నీళ్ళు పోసిన చేతులతో మనవరాలికి ఆముదం రాసింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. నీళ్ళు ఇంత చల్లగా ఉంటే ఎట్లాగని యశోదమ్మ మునెమ్మ మీద కసురుకుంది.

పద్మావతి ఆ రాత్రికి ఉండిపోయింది, మర్నాడు ఒక్కతే బస్సెక్కింది. బిడ్డ ఒంటి మీది దద్దులు చెప్పినట్టే పోయాయి. యశోదమ్మ ఒంటి మీదవి పోలేదు. ఇంకో రెండు కొత్తవి కూడా వచ్చాయి. అవేమిటో ఆమెకు తెలియదు, చంపుతాయో ఊరుకుంటాయో తెలియదు. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం వాటిని చూడటం మానేసింది.

ఒకనాడు బిడ్డను ఒళ్ళో వేసుకుని ఉన్నట్టుండి ఏడ్చింది. లక్ష్మయ్య కంగారుపడి ఎక్కడ నొప్పి అని అడిగాడు.

“నొప్పేమీ లేదప్పా,” అంది. “పుట్టినప్పుడు ఇది ఇంతకన్నా సిన్నగా ఉండె గదా. అంత సిన్నప్పుడు నేను దీన్ని ఎత్తుకోలేదు.”